తొమ్మిదో నంబరు చొక్కా మీది నల్ల టాకాలు

ఇలా రా అమ్మడూ, దగ్గరగా కూర్చో. ఆ బూట్లు గుమ్మం బయటే విప్పు. మట్టి దుప్పటికి అంటితే ఉతికేది నేనే. నా జన్మంతా ఆ గ్రౌండు మట్టే ఉతికాను, ఇక నా వల్ల కాదు. ఆ పుస్తకం ఇటివ్వు. తెరవకు. అట్ట మీద కప్పు బొమ్మ చూశావు కదా, ఇప్పటికి అది చాలు. లోపల ఏముందో తర్వాత చూద్దువుగాని. అందులో ఒక పేరు వేయాలా వద్దా అన్నదానికి ఎంత గొడవ జరిగిందో ముందు నా నోటితో విను. మెల్లగా చెప్తాను, పక్కగదిలో మీ చిన్నతాత కునుకు తీస్తున్నాడు. ఆ పేరు వాడిదే.

మా కాలేజీ పెద్దదేమీ కాదు. రెండు మేడలు, ఒక హాస్టలు, వెనక ఒక గ్రౌండు. ఆ గ్రౌండు కూడా ఒక పక్కకి ఒరిగి ఉండేది. వాన పడితే నీళ్లన్నీ కింది గోలు ముందు చేరి, గోలీ, అదే గోలు కాసేవాడు, చీలమండల దాకా మునిగేవాడు. ఫుట్‌బాల్ మొదలుపెట్టిన కోచ్ మాస్టారు ఎక్కడో కూలిన ఇంటి దూలాలు తెచ్చి గోలు స్తంభాలు పాతించాడు. హాస్టలు బట్టలు ఉతకడానికి అప్పటికే నేను అక్కడ పనిలో ఉన్నాను. కుట్టుపని కూడా వచ్చని తెలిసి, చొక్కాలు నన్నే కుట్టమన్నారు. నా చదువు రెండో తరగతితో సరి, కానీ అంకెలు వచ్చు. తెల్ల చొక్కాల వీపుల మీద నల్లగుడ్డ కత్తిరించి ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు కుట్టాను. తెచ్చిన గుడ్డ తాను పదకొండు చొక్కాలకే సరిపోయింది.

ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకో. పన్నెండో చొక్కా మాకు ఎప్పుడూ లేదు. లోపల ఎవడికైనా దెబ్బ తగిలితే, బయట కూర్చున్న పన్నెండోవాడు వాడి చొక్కా విప్పించుకుని, చెమటతో తడిసింది తడిసినట్టే తొడుక్కుని పరిగెత్తేవాడు. పక్క కాలేజీల వాళ్లు పడీపడీ నవ్వేవారు. "ఏరా, మీకు చొక్కాల్లో కూడా పొత్తేనా?" అనేవారు. మావాళ్లకి అది మామూలైపోయింది.

ఇంకోటి. ప్రతి ఆటకీ మా గుమాస్తా ఒక ఫారం నింపేవాడు. ముందువైపు పదకొండు గీతలు, పదకొండు పేర్లు. పన్నెండోవాడి పేరు కాగితం తిప్పి వెనక రాయాలి. ఫారంలో పేరు లేనివాడు గ్రౌండులో కాలు పెడితే గెలిచిన ఆటైనా ఓడినట్టే. ఆట అయ్యేదాకా ఫారం గుమాస్తా బల్ల మీద ఉండేది, పక్కనే అవతలి కాలేజీవాళ్లు కూర్చునేవారు కాబట్టి మధ్యలో పేరు చేర్చడానికి వీల్లేదు, చివర్లో రిఫరీ సంతకం పెట్టి తీసుకుపోయేవాడు.

మొదటి పదకొండేళ్లు ఓడిపోవడం ఒక్కటే మా పని. ఒకసారి తొమ్మిది గోల్స్ తిన్నాం. బజారుకి వెళ్తే కూరగాయలవాడు కూడా ఎత్తిపొడిచేవాడు.

"ఏమ్మా, ఈ వారం ఎన్ని తిన్నారు?"

"నువ్వు తూకంలో తిన్నదానికంటే తక్కువేలే," అనేదాన్ని.

పన్నెండో ఏడు మీ చిన్నతాత, నా తమ్ముడు, కాలేజీలో చేరాడు. అమ్మానాన్న పోయినప్పటికి వాడికి ఆరేళ్లు. నేనే తల్లినై సాకాను. నా పని చూసి ప్రిన్సిపాలు వాడికి ఫీజు లేకుండా సీటిచ్చాడు. పిట్టంత మనిషి. జట్టులో వాణ్ణి 'అరపావు' అని పిలిచేవారు. కాళ్లు మాత్రం సామాన్యమైనవి కావు. బంతి వాడి కాలికి పెంపుడు కుక్కలా తిరిగేది. అయినా వాడు పన్నెండోవాడే. ఎందుకంటే తొమ్మిదో నంబరు చొక్కా 'గున్న' అనేవాడిది. కాలేజీ కమిటీ ప్రెసిడెంటు కొడుకు, ఏనుగు గున్నలా ఉండేవాడు, అందుకే ఆ పేరు. చెడ్డవాడు కాదు, నన్ను నోరారా "అక్కా" అనేవాడు. కానీ వాడు మెరుగ్గా ఆడినా ఆడకపోయినా ఆ చొక్కా వాడిదే, అంతే.

ఆ ఏడు ఏ దేవుడు కరుణించాడో, ఫైనల్ దాకా వెళ్లాం. పొరుగూళ్లో ఆట. బస్సులో గుమాస్తా ఫారాన్ని మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాడు, బస్సు ఎగిరెగిరి పడుతోంది. సూదీ దారం పెట్టుకుని నేను వెనక సీట్లో ఉన్నాను. చిరిగిన చొక్కాలు అక్కడికక్కడే కుట్టడానికి ప్రతి ఆటకీ నన్ను తీసుకెళ్లేవారు.

సగం ఆట అయ్యేసరికి ఒక గోలు వెనకబడ్డాం. గున్న నా దగ్గరకొచ్చి కూలబడ్డాడు. భయంతో పాపం, నా బకెట్‌లోనే కక్కుకున్నాడు. "నా వల్ల కాదు మాస్టారూ, నేను పోను" అని ఏడుపు. కోచ్ మాస్టారు ఒక్క క్షణం తల పట్టుకుని, ఇటు తిరిగాడు.

"అరపావూ! చొక్కా తొడుక్కో!"

మీ చిన్నతాత ఆ చొక్కాలో దూరాడు. చొక్కా కాదది, దుప్పటి. మోకాళ్లు తాకుతోంది.

"ఆగరా, ఎవడైనా వెనకనుంచి పట్టుకుంటే చొక్కాతో పాటు నువ్వూ పోతావు," అని రెండు పక్కలా గుడ్డ మడిచి టాకాలు వేయడం మొదలుపెట్టాను. నంబర్లు కుట్టే నల్లదారమే సూదిలో ఉంది. తెల్లదారం వెతికే తీరిక ఎక్కడిది?

"తొందరగా అక్కా, విజిల్ వేసేస్తాడు!"

"కదిలావంటే పొట్టకి కలిపి కుట్టేస్తా. నిలబడు."

ఒక్కో పక్క ఏడేసి టాకాలు. పెద్ద పెద్దవి, వంకరటింకరవి. వాడు పరిగెత్తాడు. అప్పుడే గుమాస్తా వైపు చూశాను. పన్నెండోవాడి పేరు పక్కన టిక్కు పెడదామని కాబోలు, ఫారం తిప్పాడు. చూశాడు. గబుక్కున మళ్లీ తిప్పేశాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లబోయింది. ఎండ దెబ్బేమో అనుకున్నాను.

రెండో సగంలో మీ చిన్నతాత రెండు గోల్స్ కొట్టాడు. మొదటిది ఎలా కొట్టాడో నాకే తెలీదు, అప్పుడు ఏడుస్తున్నాను. రెండోది మాత్రం కళ్లారా చూశాను. ఎడమపక్కనుంచి బంతి వచ్చింది, ఒకసారి నేలను కొట్టుకుని లేచింది, వాడు గాల్లోనే తన్నాడు. అదే ఊపులో గోలీ వచ్చి వాడి మోకాలి మీద పడ్డాడు. ఎండుకట్టె విరిగినట్టు ఒక చప్పుడు. అందరూ గోలు చూసి అరిచారు, నేను ఆ చప్పుడు విని అరిచాను.

అరవై ఏళ్లలో మా కాలేజీ గెలిచిన ఒకే ఒక్క కప్పు అది.

బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద మీ చిన్నతాత పళ్లు బిగబట్టి పడి ఉన్నాడు. కప్పు కిటికీలో పెట్టారు. అప్పుడు నోరు విప్పాడు గుమాస్తా. "కొంప మునిగింది సార్. బస్సు కుదుపులో వెనకవైపు పేరు రాయడం మర్చిపోయాను." అరుపులన్నీ ఆగిపోయాయి. ప్రిన్సిపాలు చాలాసేపు గోడ వైపు చూసి, మెల్లగా అన్నాడు.

"రిఫరీ నంబర్లు చూస్తాడు, ముఖాలు చూడడు. ఆడింది తొమ్మిదో నంబరు. ఫారంలో తొమ్మిదో నంబరు ఎవరు?"

అందరూ గున్న వైపు చూశారు. గున్న నేల చూశాడు.

తర్వాత ప్రిన్సిపాలు నన్ను పక్కకి పిలిచాడు. "అమ్మా, కప్పు పోతే ఈ ఆట కూడా పోతుంది, కమిటీ ఎత్తేస్తుంది. మీ ఇద్దరి సంగతి నేను చూసుకుంటాను. వాడికి నువ్వే చెప్పాలి, నీ మాటైతే వింటాడు." బెదిరించలేదు, నిజం చెప్పాలి. బెదిరిస్తే ఎదురు తిరిగేదాన్నేమో. మెత్తగా అడిగాడు, నేను మెత్తబడ్డాను. పని పోతుందని భయం. వాడి సీటు పోతుందని భయం. ఆస్పత్రిలో డాక్టరు "ఎలా తగిలింది?" అనడిగితే మీ చిన్నతాత నోరు తెరిచేలోపు నేనే అన్నాను, "హాస్టలు మెట్ల మీంచి పడ్డాడండీ."

వాడు నా వైపు చూసిన చూపు, అమ్మడూ, ఈ ఎనభై ఏళ్లలో అలాంటి చూపు ఇంకొకటి చూడలేదు.

"అక్కా, ఆ గోలు నేను కొట్టాను."

"తెలుసురా. ఎవరికీ చెప్పకు. నా మీద ఒట్టు."

వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు పొద్దున ఉతుకురాయి దగ్గర ఆ చొక్కా తీశాను. రెండు పక్కలా నల్ల టాకాలు. ఎవరైనా చూస్తే అడుగుతారని, నా చేత్తో నేనే ఒక్కో టాకా తెంపి, దారం పీకేశాను. పద్నాలుగు టాకాలు. ఉతికి ఆరేశాక అది మళ్లీ గున్న చొక్కా అయిపోయింది. ఆ వారమే జట్టు ఫోటో తీశారు. పదకొండు చొక్కాలు, పదకొండు మంది, మధ్యలో కప్పు పట్టుకుని గున్న. మీ చిన్నతాత కాలికి కట్టుతో ఆస్పత్రిలో.

ఆ కట్టు నాలుగు నెలలు ఉంది. పరీక్షలు పోయాయి, చదువు ఆగింది. ప్రిన్సిపాలు మాట తప్పలేదు, పని ఇచ్చాడు. గ్రౌండులో సున్నంతో గీతలు గీసే పని. ఆ రెండు గోల్స్ పుణ్యమా అని గున్నకి పెద్ద ఆఫీసులో ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం వచ్చింది. పైకెదిగాడు. పదవీ విరమణ అయ్యాక తిరిగొచ్చి, వాళ్ల నాన్న కూర్చున్న కుర్చీలోనే కాలేజీ కమిటీ ప్రెసిడెంటయ్యాడు. మీ చిన్నతాత కుంటుకుంటూ గీతలు గీసేవాడు, ఆయన కారు వస్తే లేచి "నమస్తే సార్" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. వాడు మాత్రం ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. నా ఒట్టు అలాంటిది.

కప్పు వస్తే ఆట నిలబడుతుందన్నారు కదా, ఏం నిలబడింది? ఆ తర్వాత ఒక్కసారి కూడా ఫైనల్ ముఖం చూడలేదు. కోచ్ మాస్టారు పోయాక వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లారు. చివరి పదేళ్లలో పదకొండు మంది దొరకడమే గగనమైంది. కిందటేడు కమిటీ కూర్చుని జట్టు రద్దు చేసింది, గ్రౌండులో కొత్త మేడ కడతామంది. బాధపడేవాళ్లని బుజ్జగించడానికి కాబోలు, 'అరవై ఏళ్ల మన ఫుట్‌బాల్' అని ఈ పుస్తకం వేయిస్తామన్నారు. రాసే పని ఆటల మేడమ్‌కి అప్పగించారు.

ఆ పిల్ల మంచిది. పాత చొక్కాల సంగతి అడగడానికి మన ఇంటికొచ్చింది. మాటల్లో పన్నెండో చొక్కా లేదని చెప్పాను. "మరి పన్నెండోవాళ్లు ఏం వేసుకునేవారు అమ్మమ్మగారూ?" అంది. అక్కడ తీగ లాగింది, డొంకంతా కదిలింది. జట్టే పోయాక ఇంక దాచేదేముంది అనిపించింది. అంతా చెప్పేశాను. ఆ పిల్ల నమ్మీ నమ్మనట్టు వెళ్లింది. నాలుగు రోజులకి పాత పేపరాఫీసు నుంచి ఒక ఫోటో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆ రెండో గోలు ఫోటో. వెనకనుంచి తీసింది, ముఖం కనపడదు, తొమ్మిది నంబరు కనపడుతుంది. కాలు గాల్లో ఉంది. చేతులు లేచి ఉన్నాయి.

"ఇక్కడ చూడండి," అని కుడిపక్క వేలు పెట్టింది.

కళ్లజోడు తుడుచుకుని చూశాను. నల్ల టాకాలు. లెక్కపెట్టాను. ఏడు.

నేను పీకేసిన దారం నన్నే చూసి నవ్వినట్టుంది.

ఆ పిల్ల ఆ ఫోటో తీసుకుని నేరుగా ప్రెసిడెంటు దగ్గరికి వెళ్లి, పుస్తకంలో ఆ గోల్స్ కొట్టినవాడి పేరు మార్చాలంది. ఆయన మర్నాడే మనింటికి వచ్చాడు. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. మీ చిన్నతాత ఆ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, బాగున్నావా?" అన్నాడు.

"బాగోక ఏం? నీ దయ."

ఆ పోటు ఆయనకి తగిలింది. కాసేపు చేతులు చూసుకున్నాడు. "నేను అబద్ధమాడటానికి రాలేదక్కా. నువ్వు నమ్ముతావో లేదో, ఆ గోలు నాకు గుర్తుంది. బంతి ఎడమనుంచి వచ్చింది. నేలను కొట్టుకుని లేచింది. నా కాలికి తగిలిన చప్పుడు కూడా గుర్తుంది. ఎన్నిసార్లు చెప్పానో, చెప్పగా చెప్పగా నాదే అయిపోయింది."

"అప్పుడు నువ్వు నా పక్కన బకెట్‌లో తల పెట్టుకుని ఉన్నావు నాయనా."

గోడ దగ్గర్నుంచి మీ చిన్నతాత అన్నాడు, నలభై ఎనిమిదేళ్లలో మొదటిసారి 'సార్' లేకుండా.

"గున్నా, చప్పుడు గుర్తుందన్నావుగా. నా మోకాలు విరిగిన చప్పుడు కూడా గుర్తుందా?"

ఆయన మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"పేరు మారిస్తే ఆ కప్పు దొంగ కప్పని మనమే అచ్చు వేసుకున్నట్టు. పదకొండు మందిలో ఏడుగురు పోయారు. వాళ్ల పిల్లలు ఆ పతకాలు గోడలకి తగిలించుకున్నారు. వాళ్ల చేతుల్లోంచి లాక్కోమంటావా అరపావూ? నువ్వు లాక్కోమంటే లాక్కుంటాను. నువ్వే చెప్పు."

గడుసుతనం చూశావా? బంతి మళ్లీ వీడి కాలి దగ్గరికే తోశాడు.

మీ చిన్నతాత నా వైపు చూశాడు. ఎందుకు చూశాడో నాకు తెలుసు.

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టానురా," అన్నాను. "చెప్పరా. వేయమని చెప్పు."

వాడు నవ్వాడు. ఆ నవ్వు చూడటం కంటే చెంప మీద కొడితే నయం.

"ఇన్నేళ్లు మోశాక ఇప్పుడు దించమంటే ఎక్కడ దించనక్కా? నా నడుం ఆ బరువుకి తగ్గట్టే వంగిపోయింది." గున్న వైపు తిరిగి, "వద్దులే సార్. ఉన్నది ఉన్నట్టు ఉండనీయండి," అన్నాడు.

మళ్లీ సార్ వచ్చేసింది.

ప్రెసిడెంటు లేచి వాడి భుజం తట్టాడు. "చివర్లో కృతజ్ఞతల పేజీలో నిన్ను వేయిస్తాను," అన్నాడు. కారు వెళ్లాక నేను వాడి మీద విరుచుకుపడ్డాను. "నోట్లో నాలుక లేదట్రా నీకు?" అన్నాను. వాడు నెమ్మదిగా, "ఉండేది. ఆస్పత్రిలో నువ్వు తీసి దాచావు," అన్నాడు.

ఆటల మేడమ్ వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. "తాతగారే వద్దన్నారట కదా" అంది. "ఆ మాట వాడిది కాదమ్మా, నాది. నేను వాడి నోట్లో పెట్టి కుట్టేసిన మాట," అన్నాను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఒక్క పని మాత్రం చేశాను అమ్మమ్మగారూ. ఆ ఫోటో పక్కలు కత్తిరించి చిన్నది వేయమన్నారు. నేను కత్తిరించనివ్వలేదు," అంది.

మొన్నామధ్య పుస్తకం విడుదల గ్రౌండులోనే పెట్టారు. దాని కోసం కొత్తగా గీతలు గీయాలని కబురొచ్చింది. వెళ్లొద్దన్నాను, సిగ్గు లేదా అన్నాను. "గీతలు లేకపోతే అది ఖాళీ జాగా అక్కా, గ్రౌండు కాదు. ఒక్కరోజైనా గ్రౌండులా ఉండనీ," అని సున్నం డబ్బా పట్టుకుని పోయాడు. కాలు ఈడ్చుకుంటూ మొత్తం గీశాడు. ఒక్క గీత వంకర పోలేదు. పెద్దలంతా ఆ గీతలు తొక్కుకుంటూ వెళ్లి కుర్చీల్లో కూర్చున్నారు. వారం తిరగకుండా పునాదులు తవ్వారు.

ఇప్పుడు తెరువు పుస్తకం. ముందు చివరి పేజీ తియ్యి. ఏం రాశారు? చదువు, గట్టిగా కాదు. 'గ్రౌండు సిబ్బందికి కృతజ్ఞతలు.' అంతేనా? పేరు లేదా? ఇంకోసారి చూడు. లేదు కదూ. సరే, నేనేమీ ఆశ్చర్యపోవడం లేదు.

ఇప్పుడు మధ్యలోకి రా. పేజీ నిండా ఒక ఫోటో ఉంటుంది. అదే. కింద ఎవరి పేరుందో నాకు చదివి వినిపించకు. కుడిపక్క చూడు, చెయ్యి కింద. కనపడ్డాయా? వేలు పెట్టి లెక్కపెట్టు. ఏడు. అవి నేను వేసినవి, నేనే పీకేసినవి. మీ చిన్నతాత మోకాలు బాగున్న ఆఖరి క్షణం అది.

ఎవరికీ చెప్పొద్దని వాడు నాకు చెప్పాడు. ఈసారి నేను ఒట్టు వేయలేదు. నీ చేత కూడా వేయించుకోను. ఒట్లతో ఏం జరుగుతుందో చూశాను. నువ్వు ఆడే చోటల్లా, నీ జట్టు పిల్లలకి, రేపు నీ పిల్లలకి ఈ పేజీ తీసి చూపించు. ముందు టాకాలు లెక్కపెట్టించు. ఎవరు వేశారని అడుగుతారు. అప్పుడు మొదలుపెట్టు, పన్నెండో చొక్కా దగ్గర్నుంచి. నా తప్పు దగ్గర తొందరపడి దాటేయకు, అదీ చెప్పు. వాడి పేరు మాత్రం చివర్లో చెప్పు, అచ్చులో లేదు కాబట్టి కాస్త గట్టిగా చెప్పు.